రేపటి ఉప్పు

దోసావకాయ మీద తత్త్వవిచారం ఏమిటండీ, హాయిగా తిని చెయ్యి కడుక్కోక అని మీరు అనవచ్చు. మా ఇంట్లోనూ ఆ మాటే అన్నారు. కానీ వేదాంతమంటే ఎక్కడో కొండల్లో గడ్డాలు పెంచుకున్నవాళ్ళ సొత్తని నేననుకోను. వంటింట్లో రోజూ నడిచే వ్యవహారాల్లో దేన్నయినా ఒకదాన్ని పట్టుకుని కాస్త లాగి చూడండి, అది తిన్నగా ఏదో ఒక ధర్మసందేహంలోకి తీసుకుపోతుంది. దోసావకాయ అయితే మరీను.

తెలుగువాడి విస్తట్లో ప్రతి పదార్థానికీ ఒక కాలం ఉంది. అన్నం, పప్పు, చారు ఈ పూటవి. వేడి తగ్గితే వాటి పరువూ తగ్గుతుంది. రోటి పచ్చడి కూడా ఈ పూటదే, మహా అయితే రాత్రికి పనికొస్తుంది. ఆవకాయ, మాగాయ సంవత్సరానివి. ఎండల్లో పెట్టి, జాడీలకి వాసెన కట్టి, మళ్ళీ వేసవి దాకా లాక్కొస్తాం. అప్పడాలు, వడియాలు సరేసరి. ఈ రెండు జాతులకీ మధ్య, ఎటూ చెందకుండా నిలబడ్డది దోసావకాయ. ఇవాళ కలిపితే ఇవాళ తినేది కాదు. అలాగని ఏడాది దాచుకునేదీ కాదు. బయట పెడితే వారం, పది రోజులు, ఫ్రిజ్‌లో పెడితే మరికొన్నాళ్ళు, అంతే. అది అచ్చంగా రేపటి వంట. అందుకే పెళ్ళిళ్ళవాళ్ళకి అదంటే అంత ప్రేమ. పెళ్ళినాడు పొద్దున్న గాడిపొయ్యి దగ్గర ఎవరికీ ఊపిరాడదు కదా, అంచేత ముందురోజే కలిపేసి ఒక మూల పెట్టేస్తే ఒక ఆధరువు లెక్క తేలిపోతుంది.

1978లో మా చెల్లెలి పెళ్ళికి దోసావకాయ పెట్టింది మా మేనత్త. కోనసీమలో మా ఊరి ఇల్లు, పెరటి వసారా, చాప మీద గుట్టగా పోసిన పచ్చని దోసకాయలు, ఆవిడ చేతిలో కత్తిపీట. మా అత్తయ్య పద్ధతి ఏమిటంటే ప్రతి కాయనీ కోసి, ముందు గింజ నోట్లో వేసుకుని చూసేది. ఆ తరవాత ముక్క కొసరు. చేదు తగిలిందా, ఆ కాయ మొహమాటం లేకుండా గేదె కుడితిలోకి పోవలసిందే. దోసకాయకి ఒక దుర్గుణం ఉంది. పైకి చూస్తే ఏ కాయ చేదో బ్రహ్మకి కూడా తెలియదు. ఒక్క చేదుకాయ కలిసిందంటే బానెడు దోసావకాయా దండగే. అంచేత నూట యాభై కాయలకీ నూట యాభైసార్లు రుచి చూడటమే. ఇదివరకు చూసిన కాయ మంచిదైతే దాని పక్క కాయకి ఏమీ పూచీ లేదు.

చెక్కు తియ్యకూడదు. గింజలు తీసేసి, చిన్న ముక్కలుగా తరిగి, తడి లేకుండా బట్ట మీద ఆరబెట్టాలి. నాలుగు గిన్నెల ముక్కలకి గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ముప్పాతిక గిన్నె ఉప్పు, గిన్నె పప్పునూనె. ఆవాలు వేయించకూడదు, ఎండబెట్టి కొట్టాలి. నూనె కాచి పొయ్యకూడదు. ఇష్టమైనవాళ్ళు మెంతులు వేస్తారు, వెల్లుల్లి వేస్తారు. మా అత్తయ్య రెండూ వెయ్యలేదు, వేసినవాళ్ళని క్షమించనూ లేదు.

ఆ సాయంత్రం తెనాలి నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన వసారాలోకి వచ్చి, "చెల్లాయమ్మా, ఏదీ ఒక ముక్క ఇలా పడెయ్యి" అన్నాడు. ఆవిడ వద్దంటున్నా వినకుండా నోట్లో వేసుకుని, మొహం చిట్లించి, "ఉప్పు కషాయంలా ఉందమ్మా! ముక్క చూస్తే పచ్చిగా ఉంది. ఘాటు లేదు, పాడు లేదు. వియ్యాలవారి ముందు పరువు పోతుంది, ఇంకో నాలుగు కాయలు తరిగి వెయ్యి" అని సలహా ఇచ్చాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ కంగారుపడ్డారు. మా అత్తయ్య మాత్రం గరిటె కిందపెట్టకుండా, "అది రేపటి ఉప్పు అన్నయ్యగారూ! మీరు ఇవాళ్టి నాలుకతో చూస్తున్నారు" అంది.

మర్నాడు పంక్తిలో ఆ పెద్దమనిషే మూడుసార్లు వేయించుకున్నాడన్న సంగతి వేరే చెప్పక్కర్లేదు.

జరిగినదేమిటో ఇప్పుడు స్కూలు పిల్లలకి కూడా తెలుసు. ఉప్పు తగలగానే ముక్కలోని నీరు బయటికి వస్తుంది. ఆ నీటిలో ఉప్పు కరుగుతుంది, కరిగినది మెల్లగా ముక్కలోకి వెడుతుంది. పైన కషాయంలా ఉన్న ఉప్పు తెల్లారేసరికి లోపలా బయటా సమంగా సర్దుకుంటుంది. ఆవ సంగతి ఇంకా తమాషా. ఆవగింజలో ఘాటన్నది తయారుగా ఉండదు. సినిగ్రిన్ అనే పదార్థం ఒకటి, మైరోసినేజ్ అనే ఎంజైము ఒకటి, రెండూ గింజలో ఒకదాని మొహం ఒకటి చూడకుండా వేరువేరుగా ఉంటాయి. గింజని దంచి, దానికి తడి తగిలినప్పుడే అవి కలుసుకుని ఘాటు పుడుతుంది. పొడి ఆవపిండి వాసన చూస్తే అందుకే పెద్దగా ఏమీ అనిపించదు. మరీ వేడి తగిలితే ఆ ఎంజైము చచ్చిపోతుంది, ఇక ఘాటు పుట్టదు. నూనె కాచి పొయ్యొద్దని మా అత్తయ్య కట్టడి చేసింది ఏ రసాయనశాస్త్రం చదివి కాదు గాని, ఆవిడ చెప్పినది దాంట్లో ఉన్నదే. ఆ తడి ఎక్కణ్ణుంచి వస్తుంది? దోసముక్క నుంచే. ఎవరూ ఒక్క చుక్క నీళ్ళు పొయ్యరు.

"ఊరు" అన్న క్రియాపదం ఎంత గొప్పదో ఎప్పుడైనా గమనించారా? బావిలో నీరు ఊరుతుంది. నోట్లో నీళ్ళూరతాయి. ముక్క ఊరుతుంది. మూడింటిలోనూ వచ్చేది లోపల్నుంచే. బయట నుంచి పోసేదాన్ని మనం ఊరడం అనం. ఉప్పూ కారమూ మనం వేసేవే అయినా, వాటిని కలుపుకునే తడి మాత్రం కాయ ఇచ్చుకోవాలి. తనంతట తాను కొంత ఇస్తేనే ఊరడం.

ఇక్కడ పెద్దల మాట ఒకటి అడ్డం వస్తుంది. భగవద్గీత పదిహేడో అధ్యాయంలో ఆహారాన్ని మూడు రకాలు చేసి, వండి జాము దాటినది, సారం పోయినది, కంపు కొట్టేది, నిలవది తామసులకు ప్రీతి అని చెప్పారు. జామంటే మూడు గంటలు. ఆ లెక్కన మా అత్తయ్య దోసావకాయ తిన్న పెళ్ళివారందరూ తామసులే కావాలి. అయితే మనుస్మృతి అయిదో అధ్యాయం ఈ విషయంలో కాస్త ఉదారంగా ఉంది. నిలవ ఆహారం కూడదంటూనే, నూనె, నెయ్యి లాంటి స్నిగ్ధ పదార్థం కలిసినదైతే నిలవున్నా తినవచ్చని మినహాయింపు ఇచ్చింది. పులిసినవి కూడదంటూనే పెరుగునీ, పెరుగుతో చేసినవాటినీ విడిచిపెట్టింది. ధర్మశాస్త్రం రాసినవాళ్ళు కూడా భోజనానికి కూర్చునేవాళ్ళే కదా! మనువుతో నాకు పేచీలు చాలా ఉన్నాయి గాని, ఈ ఒక్క చోట ఆయనకి నా నమస్కారం.

తమాషా పోనివ్వండి. అందులో ఒక అసలు ప్రశ్న ఉంది. నిన్నటి చారు పాసిపోయింది అంటాం. నిన్నటి దోసావకాయ ఊరింది అంటాం. రెండింటి మీదుగా గడిచినది ఒకే రాత్రి. ఒకదాన్ని చెడగొట్టిన కాలమే ఇంకోదాన్ని బాగుచేసింది. మనుషుల విషయంలోనూ ఇంతే. ఇరవై ఏళ్ళ కాపురం ఒకరికి ఊరుతుంది, ఒకరికి పాసిపోతుంది. కష్టం ఒకణ్ణి పదును పెడుతుంది, ఇంకొకణ్ణి చిదిమేస్తుంది. చివరికి కానీ ఏది ఏదో తెలియదంటారు. మరి చివరిదాకా రుచి చూడకుండా కూర్చోవాలా? మధ్యలో మూత తీసి చూడటం తొందరపాటా, లేక బాధ్యతా?

ఈ ప్రశ్న దగ్గరికి మళ్ళీ వస్తాను. దానికి ముందు ఇంకో విషయం.

ముందుగా చేసి పెట్టడం అనే ఈ సద్గుణం ఇంట్లో ఒక్కరి ఖాతాలోనే ఎందుకు పడిందో నాకు చాలాకాలం అనుమానమే రాలేదు. పెసలు నానబోయడం, పాలు తోడుపెట్టడం, పిండి రుబ్బి పొంగడానికి పెట్టడం, మిరపకాయలు మజ్జిగలో ఊరవెయ్యడం, అన్నీ రాత్రి పనులే. అందరూ పడుకున్నాక ఇంట్లో ఒకరు మాత్రం రేపటిలోకి వెళ్ళి పనిచేసి వస్తారు. తెల్లారి లేచినవాళ్ళకి పెరుగు గడ్డగా తోడుకుని ఉంటుంది. పెరుగన్నాక అలా తోడుకునే ఉంటుందని వాళ్ళు నమ్ముతారు. వేడివేడిగా వడ్డించినవాళ్ళకి "బాగుందమ్మా" అన్న మాటైనా దక్కుతుంది. ముందురోజు చేసినదానికి అదీ లేదు. తినేవేళకి చేసినవాళ్ళు పక్కన ఏదో పనిలో ఉంటారు, లేదా ఊళ్ళోనే ఉండరు.

1991లో మా అమ్మ కంటి ఆపరేషనుకి వెళుతూ రెండు సీసాల దోసావకాయ, ఒక డబ్బాడు కందిపొడి చేసిపెట్టి వెళ్ళింది. ఆవిడ లేని ఆ పది రోజులూ ఇంట్లో అన్నం వండుకోవడం తప్ప మాకు పనిలేకపోయింది. ఇది కదా ప్రేమంటే అని నేను పొంగిపోతుంటే మా చెల్లెలు నవ్వి, "ప్రేమే, కాదనను. అందులో సగం మనమీద నమ్మకం లేకపోవడం కూడా అన్నయ్యా. అమ్మ లేకపోయినా అమ్మ ఉప్పే తినాలి మనం" అంది. ఆడపిల్లకి తెలిసినంత సూటిగా ఈ సంగతులు మనకి తెలియవు. ఆ మాట విన్నప్పట్నుంచి ముందుజాగ్రత్త అన్న ప్రతిచోటా నేను రెండు వాసనలు పసిగడుతూనే ఉన్నాను. ఒకటి అవతలివాడి ఆకలి మీద దయ. రెండోది అవతలివాడి రేపుని కూడా నేనే కలిపి మూతపెట్టేస్తానన్న పెత్తనం. రెండూ ఒకే సీసాలో, ఒకే నూనెలో మునిగి ఉంటాయి.

సరే, ఇక మా పక్కింటివాళ్ళ కథ. పేర్లు చెప్పను, చెప్పకూడదు కూడా. ఆయన ఒక ఆఫీసులో అకౌంటెంటు. నెమ్మదైన మనిషి, పరులకి ఉపకారే గాని అపకారం తెలియనివాడు. ఆయన కొడుకు మా వీధిలోనే పెరిగాడు. మృదంగం నేర్చుకునేవాడు. వాడి సాధన మా గోడకి ఇవతల మాకూ సాధనే. పదో తరగతి కాగానే వాణ్ణి విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. పొద్దున్న అయిదింటికి గంట కొడతారు. రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు. ఆదివారం పరీక్ష. ర్యాంకు తగ్గితే సెక్షను మారుస్తారు. నెలకో రెండు నెలలకో ఒకసారి ఔటింగ్.

పిల్లాడు సంక్రాంతికి వచ్చాడు. పండగపూట మా ఇంటికి పిలిచి కూర్చోబెట్టాం. మా ఆవిడ ఏదో అడుగుతోంది, వాడు పొడిపొడిగా జవాబు చెబుతున్నాడు. ఉన్నట్టుండి కుడిచెయ్యి పైకెత్తాడు. ఏమిట్రా అన్నాను. "మంచినీళ్ళు తాగొచ్చా తాతగారూ" అన్నాడు.

వాడు చిన్నప్పుడు అడక్కుండా మా ఫ్రిజ్ తలుపు తీసి, నిలబడి సీసా ఎత్తి తాగి, మా ఆవిడచేత తిట్లు తిన్నవాడు.

ఆ సాయంత్రం అరుగు మీద వాళ్ళ నాన్నతో ఈ మాట ఎత్తాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ తరవాత అన్నాడు: "మాస్టారూ, మీరే కదా దోసావకాయ కథ చెప్పారు. ముందురోజు నాలుకతో చూసి వంక పెట్టకూడదన్నారు. మావాడి సంగతీ అదే అనుకోండి. ఇవాళ ఉప్పు కషాయంగానే ఉంటుంది. ఈ రెండేళ్ళూ ఊరితే ఆ తరవాత జీవితమంతా కూర్చుని తింటాడు. నాకు పదిహేనేళ్ళప్పుడు ఇలా పట్టుకుని కూర్చోబెట్టినవాడు ఉంటే నేను ఈ కుర్చీలో ఇలా ఉండేవాణ్ణా?"

చూశారా! నా ఆవపిండితోనే నా కళ్ళు మండించాడు. ఆ పైన ఇంకో మాట కూడా అన్నాడు. ఎక్కడో వ్యక్తిత్వ వికాసం ఉపన్యాసంలో విన్నాడట, అమెరికాలో పిల్లలకి మిఠాయి పెట్టి చేసిన పరీక్ష సంగతి. ఓపిక పట్టిన పిల్లలే పెద్దయ్యాక పైకొచ్చారని తేలింది కదా అన్నాడు.

ఆ పరీక్ష నిజమే. వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1960ల చివరా 1970ల మొదట్లోనూ చేశాడు. నాలుగైదేళ్ళ పిల్లల ముందు మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయో, అలాంటిదే ఇంకోటో పెట్టి, "ఇప్పుడే తింటే ఒకటి, నేను వచ్చేదాకా ఆగితే రెండు" అని చెప్పి గదిలోంచి వెళ్ళిపోవడం. ఆగినవాళ్ళు ఆ తరవాత చదువుల్లోనూ మెరుగ్గా ఉన్నారని చెప్పారు. ఉపన్యాసకులు ఇక్కడ ఆపేస్తారు. కథ అక్కడితో అవలేదు. 2018లో టైలర్ వాట్స్, ఇంకో ఇద్దరూ కలిసి తొమ్మిదివందలమందికి పైగా పిల్లల వివరాలు తీసి చూస్తే, ఆ సంబంధం మొదట చెప్పినంత గట్టిది కాదనీ, పిల్లల ఇంటి పరిస్థితులు లెక్కలోకి తీసుకుంటే మిగిలేది చాలా తక్కువనీ తేలింది.

నాకు అంతకంటే నచ్చింది రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్ బృందం చేసి 2013లో ప్రచురించినది. ఇరవై ఎనిమిదిమంది పిల్లలు. మిఠాయి పరీక్షకి ముందు వాళ్ళకి బొమ్మలు వేసుకోమని నాసిరకం రంగులు ఇచ్చి, "కాస్త ఆగు, మంచివి తెస్తాను" అన్నారు. సగంమందికి మాట ప్రకారం తెచ్చారు. మిగతా సగానికి ఉత్త చేతులతో తిరిగొచ్చి, "లేవు నాన్నా, క్షమించు" అన్నారు. ఆ తరవాత మిఠాయి పెట్టారు. మాట దక్కించుకున్న పిల్లలు సగటున పన్నెండు నిమిషాలు ఆగారు. మాట తప్పించుకున్న పిల్లలు మూడు నిమిషాలు. అంటే ఓపిక అన్నది పిల్లాడి ఒంట్లో పుట్టుకతో వచ్చిన ఏదో గ్రంథి కాదన్నమాట. ఆగమన్నవాడి మాట మీద ఉన్న నమ్మకం కూడా అందులో ఉంది. మాట తప్పిన చోట వెంటనే తినేసిన పిల్లవాడు తెలివితక్కువవాడు ఎందుకవుతాడు? రెండోది రాదని వాడికి లెక్క తెలిసింది, తినేశాడు.

ఇదంతా ఆయనకి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "అయితే నేను మావాడికి మాట తప్పానంటారా?" అన్నాడు. ఆ మాట నా నోట రాలేదు గాని, ఆయనే లెక్కపెట్టుకున్నట్టున్నాడు. పదో తరగతి అయిపోతే సైకిలు అన్నాడు. ఆ తరవాత కొందాం అన్నాడు. మృదంగం మానక్కర్లేదు, అక్కడ కూడా వాయించుకోవచ్చు అన్నాడు. అక్కడ దాన్ని గేటు దాటనివ్వలేదు.

ఆయన్ని దుర్మార్గుడి కింద జమకట్టడానికి నాకు మనసొప్పదు, న్యాయం కూడా కాదు. పిల్లల ఇవాళని ఎంతో కొంత రేపటికి తాకట్టు పెట్టకుండా ఏ తల్లీతండ్రీ పెంచలేదు. అక్షరాలు దిద్దించడమే మొదటి బలవంతం. ఆ మృదంగం మాత్రం? తెల్లారకట్ట లేపి, నిద్రకళ్ళతో తకధిమి చెప్పించిన గురువుగారు దయాదాక్షిణ్యాలకి పేరుపడ్డవారేం కాదు. వేళ్ళు కాయలు కాసేదాకా శబ్దం పలకదు. ఆనాడు వాడు ఏడుస్తూ వెళ్ళిన రోజులు నాకు తెలుసు. అదీ ఊరబెట్టడమే, ఇదీ ఊరబెట్టడమే. ఒకటి న్యాయంగానూ ఒకటి అన్యాయంగానూ నాకు ఎందుకు తోస్తోంది?

దీని మీద నేను చాలా రోజులు తిరిగాను. నాకు తట్టిన తేడాలు ఇవీ అని చెబుతాను, తూకం మీరు వెయ్యండి.

దోసముక్కకి ఇవాళ అంటూ ఏమీ లేదు. దాని బతుకంతా రేపటి విస్తట్లోనే. దాని నోట ఉప్పు కొట్టినా అది బాధపడదు. పదహారేళ్ళవాడికి ఇవాళ ఉంది. వాడు రేపటి ఇంజనీరుకి ముడిసరుకు కాదు. ఈ పూట ఆకలీ, ఈ పూట స్నేహితులూ ఉన్న పూర్తి మనిషి. రేపు ఇంజనీరయ్యేవాడూ, ఇవాళ చెయ్యెత్తి మంచినీళ్ళడిగేవాడూ ఒకడే అని మనం లెక్కలు వేసుకుంటాం గాని, ఓర్చుకునేవాడు ఇక్కడున్నాడు, అనుభవించేవాడు ఇంకా పుట్టలేదు. ఆ వచ్చేవాడు ఎవడో, వాడికి ఏది రుచో మనకి తెలియదు. వాడి పేరు మీద వీడి దగ్గర వసూలు చేస్తున్నాం. అప్పు రాసినదీ మనమే, సాక్షి సంతకం చేసిందీ మనమే.

ఇంకొకటి. మా అత్తయ్య దోసావకాయ కలిపి ఊరుకోలేదు. నూట యాభై కాయలూ ఒక్కొక్కటే రుచి చూసింది. చేదుకాయని ఉప్పేసి బాగుచేస్తానని పట్టుబట్టలేదు. తెల్లవారుజామున లేచి బానె మూతతీసి, అడుగునుంచి తిరగకలిపి, ఒక ముక్క నోట్లో వేసుకుని, ఆవ చాలలేదని గుప్పెడు పిండి మళ్ళీ చల్లింది. ఉప్పు ఎక్కువైతే పచ్చిముక్కలు కలిపేది కూడాను. ఊరవెయ్యడమంటే వదిలెయ్యడం కాదు. మూతపెట్టి ఫీజు కట్టి రెండేళ్ళ తరవాత వస్తానన్నవాడు ఊరబెడుతున్నాడో, పాడుపెడుతున్నాడో వాడికే తెలియదు. మృదంగం గురువుగారు కోపిష్టే. కానీ రోజూ వాడి వేళ్ళు చూసేవారు. ఒకరోజు వాపు చూసి, ఈ వారం చెయ్యి ముట్టుకోకు అని ఇంటికి పంపేశారు. కాలేజీలో వాడి ర్యాంకు చూసేవాళ్ళున్నారు. వేళ్ళు చూసేవాళ్ళెవరు?

అన్నిటికంటే నాకు ముఖ్యంగా తోచినది మాత్రం పెళ్ళింటి సంగతే. దోసావకాయ కలిపిన ఆ సాయంత్రం మా అత్తయ్య ఎవరినీ పస్తుపెట్టలేదు. ఇవాళ రేపటి కోసం పని జరుగుతోంది కనక ఇవాళ భోజనం లేదు, రేపు పెళ్ళిభోజనం తిందురుగాని అని ఎవరితోనూ అనలేదు. ఆ రాత్రి ముద్దపప్పు, వంకాయకూర, పెరుగు, అన్నీ ఉన్నాయి. రేపటి వంట జరుగుతున్న ఇంట్లో ఇవాళ్టి పొయ్యి కూడా వెలుగుతూనే ఉంది.

ఈ మాట చెప్పినప్పుడు మా పక్కింటాయన వాదించలేదు, ఒప్పుకోనూ లేదు. "మీరు చెప్పడానికేం మాస్టారూ, మీ పిల్లలు సెటిలైపోయారు" అన్నాడు. అదీ నిజమే. ఊరిపోయిన ముక్క తింటూ ఉప్పు సంగతి మాట్లాడటం తేలిక. సీట్లు కొద్ది, పిల్లలు కొల్లలు. ఆ లెక్క నేను కల్పించింది కాదు, ఆయనా కల్పించలేదు. ఆయన ఒక్కడూ కొడుకుని వెనక్కి తెచ్చేసుకుంటే లోకం మారదు, ఆ బెంచీలో ఇంకొకడు కూర్చుంటాడు. ఇంత తెలిసీ నేను నా మాట వెనక్కి తీసుకోలేకపోతున్నాను. ఆయనా వాణ్ణి కాలేజీ మాన్పించలేదు. ఇద్దరం అరుగు మీద మాత్రం రోజూ కూర్చుంటున్నాం.

ఫిబ్రవరిలో ఆయన కొడుకుని చూడటానికి వెళుతూ, "మీరూ రండి మాస్టారూ, వాడికి మీరంటే చనువు" అంటే వెళ్ళాను. మా ఆవిడ ముందురోజే చిన్న సీసాడు దోసావకాయ కలిపి ఇచ్చింది. ప్రయాణానికీ, హాస్టలుకీ సరిగ్గా సరిపోయే వస్తువు కదా. వాడు తీసుకున్నాడు, థాంక్స్ అన్నాడు. గేటు దగ్గర చెట్టు కింద బెంచీ మీద ముగ్గురం గంటసేపు కూర్చున్నాం. వచ్చేసేముందు, ఈసారి వచ్చినప్పుడు ఏం తెమ్మంటావురా అని అడిగాను. సున్నుండలంటాడో, జంతికలంటాడో అనుకున్నాను. కాసేపు ఆలోచించి అన్నాడు.

"పెసరట్టు తాతగారూ. పెనం మీంచి తీసింది. వేడిగా."

దాన్ని సీసాలో పట్టుకెళ్ళే ఉపాయం మా ఇంట్లో ఎవరికీ లేదు. బస్సులో వస్తున్నంతసేపూ వాళ్ళ నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు. ఏలూరు దాటాక, "మాస్టారూ, ఔటింగ్‌కి మళ్ళీ నెలదాకా లేదు. వార్డెన్‌కి ఉత్తరం రాసిస్తే ఒక్క పూటకి ఒప్పుకుంటారంటారా?" అన్నాడు.

ఒప్పుకున్నారు, ఒక రోజుకి. శనివారం రాత్రి ఆయనే వెళ్ళి తీసుకొచ్చాడు. వాళ్ళు వచ్చేసరికి పదకొండు దాటింది. మా వంటింట్లో ఇంకా దీపం వెలుగుతోంది. ఏమిటా అని వెళ్ళి చూస్తే మా ఆవిడ పెసలు నానబోస్తోంది. పొద్దున్న వేడివేడిగా పడాలంటే రాత్రే నానాలి కదా అంది. ఉల్లిపాయలు మాత్రం అప్పుడు తరగలేదు, పొద్దున్నే తరుగుతానని పక్కన పెట్టింది.

ఆదివారం వాడు మా వంటింటి గుమ్మంలో కింద కూర్చుని తిన్నాడు. ఒక అట్టు పళ్ళెంలో ఉండగానే ఇంకోటి పెనం మీద ఉంది. మధ్యలో లేచి, ఎవరినీ అడక్కుండా, ఫ్రిజ్ తలుపు తీశాడు.